పొగరా, బాధా?

తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ తెలియనిదెవరికి? ఒక్కసారి మూతి కాలాక పాలగిన్నె కనబడితేనే పరుగు! జడ్చర్లలో మా గండుపిల్లిదీ అదే వరస. ఇసుక తట్ట వదిలేసి మంచం కింద పోయడం మొదలెట్టింది. “దీనికి పొగరెక్కింది. బాదేపల్లి మార్కెట్లో పల్లీ బస్తాల మధ్య వదిలేసి వస్తా” అన్నారు మావారు.

పొగరు కాదట, మూత్రంలో మంటట. పశువుల డాక్టరు చెప్పారు. తట్టలో కూర్చున్నప్పుడు నొప్పి పుట్టింది కనుక తప్పంతా తట్టదే అనుకుంటుందట!

తట్ట రోజూ శుభ్రం చెయ్యండి. పోసిన చోట సబ్బునీళ్లతో కడగండి. ఫినాయిల్ వద్దు, పిల్లులకది విషం. గండుపిల్లి ఎంత ముక్కినా చుక్క రాకపోతే మాత్రం తెల్లారేదాకా ఆగకండి. మూత్రం బిగిస్తే రెండు మూడు రోజుల్లో ప్రాణమే పోతుంది.

మందు పడ్డాక మాది మళ్లీ తట్టెక్కింది. మూగజీవి, తన బాధ ఇంకెలా చెప్పుకుంటుందండీ?