చేతిలో ఉంది కదా అని డబుల్ అనేయకండి

పేకాట అనగానే మనవాళ్ళ మొహాలు మారిపోతాయి. బ్రిడ్జ్ ఆడతానంటే "ఎంత పోగొట్టావేంటి?" అని అడిగినవాళ్ళున్నారు. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆటేనని, అందులో అదృష్టం పాలు బ్రిడ్జ్‌లో ముక్కలు పంచేటప్పుడు ఉన్నంతేనని సుప్రీం కోర్టు 1967లో, ఒక సికిందరాబాద్ క్లబ్బు కేసులో చెప్పింది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ బ్రిడ్జ్‌లో మనకి బంగారు పతకం తెచ్చారు కూడా. అయినా పేకాట పేకాటే!

సరే, ఆ గొడవ వదిలేద్దాం. బ్రిడ్జ్ కొత్తగా నేర్చుకున్న ప్రతివాడికీ ఉండే ఒక జబ్బు గురించి చెప్తాను. అవతలివాళ్ళు పెద్ద కాంట్రాక్ట్ చెప్పగానే చెయ్యి దురద పెట్టి "డబుల్" అనేయడం.

ఆరు ఇస్పేట్లు అంటే, ఇస్పేటు తురుపుగా పదమూడింట్లో పన్నెండు పట్లు మావే అని మాటివ్వడం. మీ దగ్గర ఒక ఆసు, తురుపులో రాణి ఉన్నాయి. రెండు పట్లు ఖాయం అనిపిస్తుంది. డబుల్ అనకుండా ఎలా ఉంటాం?

లెక్క చూడండి. వాళ్ళు వల్నరబుల్ కాదనుకుందాం. ఒక పట్టు తగ్గితే మీకు 50, డబుల్ అంటే 100. అంటే అదనపు లాభం 50. వాళ్ళు గెలిస్తే 980 రావలసింది 1210 అవుతుంది. అదనపు నష్టం 230. రీడబుల్ అన్నారా, 1620! యాభై కోసం రెండొందల ముప్ఫై పందెం కాయాలంటే ఆరింట్లో ఐదుసార్లు మీరే గెలవాలి. మామూలు ధీమా సరిపోదు.

ఇది పైకి కనపడే నష్టం. అసలుది వేరే ఉంది. రుషికొండలో మా ఆఫీసుకి దగ్గర్లోనే స్టీల్ ప్లాంట్‌లో రిటైరైన ఒక పెద్దాయన ఉంటారు. శనివారాలు వాళ్ళింట్లో నలుగురం కూర్చుంటాం. ఒకరోజు ఆయన ఆరు ఇస్పేట్లు చెప్పారు, ఆయన పార్ట్‌నర్ని నేను. ఆయనకి కుడిపక్క కూర్చున్న మా కుర్ర కొలీగ్ ఠపీమని డబుల్ అన్నాడు. మా ఇద్దరికీ కలిపి తొమ్మిది తురుపులు, రాణి ఒక్కటే లేదు. తొమ్మిదుంటే ఎవరైనా ఆసు, రాజు కొట్టి రాణి పడుతుందని చూస్తారు. అలా ఆడితే మేం పోయేవాళ్ళమే, ఎందుకంటే రాణి ఇంకో రెండు ముక్కలతో వాడి దగ్గరే ఉంది. కానీ పెద్దాయన నా రాజు కొట్టి, నా చేతిలోంచి చిన్న ముక్క నడిపి, తన జాకీ వేశారు. రాణి చిక్కిపోయింది. "ఏటి బాబూ, నువ్వు చెప్పకపోతే నాకెలా తెలుస్తాది?" అన్నారు నవ్వుతూ.

వాడు నవ్వలేదు. వాడి పార్ట్‌నర్ అసలే నవ్వలేదు. తర్వాత రెండు శనివారాలు ఆయన రాలేదు. ముగ్గురితో బ్రిడ్జ్ ఆడలేరు కదా. డబుల్ చెప్పేది ఒకరైనా, పోయేది ఇద్దరి పాయింట్లు.

మరి పెద్ద కాంట్రాక్ట్‌కి ఎప్పుడూ డబుల్ అనకూడదా? అబ్బే, అలాక్కాదు. మీ గేమ్ ఆపడానికి పాయింట్లు పోయినా ఫరవాలేదని తెగించి పైకెళ్ళినవాళ్ళని వదలొద్దు. ఇంకోటి, థియోడర్ లైట్నర్ పేరుతో ఉన్న డబుల్. స్లామ్‌కి డబుల్ అంటే "పార్ట్‌నర్, మామూలుగా వేసే ముక్క వెయ్యకు" అని సంకేతం. ఒక రంగు మీ దగ్గర అసలు లేకపోతే, పార్ట్‌నర్ అది వేస్తే మీరు తురుపు కొట్టొచ్చు. అక్కడ డబుల్ వల్ల మీ జట్టుకే పనికొచ్చే కబురు వెళ్తుంది.

కానీ ధీమాగా, మెట్టు మెట్టుగా స్లామ్‌కి వచ్చినవాళ్ళకి ఏ ఆసులు లేవో ముందే తెలిసుంటుంది. వాళ్ళకి తెలియంది మీ రాణి ఎక్కడుందో మాత్రమే. ఇస్పేట్లలో పని కాదనిపిస్తే నో ట్రంప్‌కి పారిపోయే దారీ ఉంది వాళ్ళకి. ఆ దారి కూడా మీరే చూపిస్తారా?

మా ఆఫీసు మీటింగుల్లో కూడా ఇలాంటివాళ్ళని చూస్తుంటాను. ఎవరైనా పెద్ద డెడ్‌లైన్ చెప్పగానే "అవ్వదు" అనేస్తారు, అందరికంటే ముందు తనే అన్నానన్న తృప్తి కోసం. అక్కడైతే ముందే చెప్పడం మంచిదే, ఎందుకంటే అందరం ఒకే జట్టు. బ్రిడ్జ్‌లో వినేది అవతలి జట్టు. ఆ తేడా తెలిసినవాడు ఆసు, రాణి పట్టుకుని కూడా నిమ్మళంగా "పాస్" అనగలడు. వచ్చే యాభై చాలు :)