గోడ మీది ఇంగ్లీషు

మా మనవడు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. విజయవాడ శివార్లలో ఒక హాస్టల్లో ఉంటాడు. నెలకో ఆదివారం తల్లిదండ్రుల్ని రానిస్తారు. మొన్న మా అమ్మాయికి వీలుపడక ఆవకాయ సీసా, సున్నుండల డబ్బా పట్టుకుని నేనే వెళ్ళాను. వాడు కిందికి దిగేసరికి ముప్పావు గంట పట్టింది. వీక్లీ టెస్ట్ నడుస్తోందట. అంతసేపూ నేను చేసిన పని గోడలు చదవడం.

హాలు నిండా ఫ్లెక్సీలే. 'గో ద ఎక్స్‌ట్రా మైల్' అని ఒకటి. 'బర్న్ ద మిడ్‌నైట్ ఆయిల్' అని ఇంకొకటి. మంచుకొండ బొమ్మ మీద 'స్కై ఈజ్ ద లిమిట్'. మెట్ల దగ్గర ఎర్రటి అక్షరాల్లో డెడ్‌లైన్ గురించి హెచ్చరిక. ముప్పై రెండేళ్ళు డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పినవాణ్ణి నేను. ఈ జాతీయాలన్నీ నేనూ బట్టీ పట్టించాను. ఎడమ పక్క జాతీయం, కుడి పక్క అర్థం, మధ్యలో గీత. నేను రాయించిన అర్థాల్లో తప్పేమీ లేదు. కానీ ఆ మాటలు ఎక్కడ పుట్టాయో ఒక్కనాడూ చెప్పలేదు. సిలబస్‌లో లేదు మరి.

ఎక్స్‌ట్రా మైలు సంగతే తీసుకోండి. అది బైబిల్లో మత్తయి సువార్త ఐదో అధ్యాయం నుంచి వచ్చింది. రోమన్ల ఏలుబడిలో సిపాయి దారినపోయేవాణ్ణి ఆపి మూట నెత్తికెత్తి మైలు దూరం నడవమంటే నడవాల్సిందే. అలా బలవంతపెడితే రెండు మైళ్ళు వెళ్ళమన్నాడు క్రీస్తు. ఆ బలవంతానికి గ్రీకు మూలంలో వాడిన క్రియనే, కురేనీయుడైన సీమోను చేత క్రీస్తు సిలువ మోయించిన చోటా వాడారు. దానికి తెలుగులో మాట కోసం తడుముకోనక్కర్లేదు. వెట్టి. నైజాం తెలంగాణలో ఊరికొచ్చిన అధికారి సామాను పక్క ఊరిదాకా మోసిన జనానికి ఆ మాట తెలుసు. 1946లో మొదలైన సాయుధ పోరాటం దేనిమీదని అడిగితే మొదట చెప్పే నాలుగు మాటల్లో అదొకటి.

మరి క్రీస్తు వెట్టిని మెచ్చుకున్నాడా? నాకలా అనిపించదు. మొదటి మైలు సిపాయిది, రెండోది నడిచేవాడిది. అడక్కుండా నడిచి, 'నువ్వు నన్ను నడిపించలేదు, నేనే నడిచాను' అనగలగడంలో ఉంది దాని తేజస్సు. అందుకే అది మోసేవాడు అనుకోవాల్సిన మాట. మోయించుకునేవాడు గోడకెక్కిస్తే మళ్ళీ వెట్టే అవుతుంది. హైటెక్ సిటీలో అప్రైజల్ ఫారం నింపే మా అబ్బాయితో ఈ ముక్క అంటే, "నాన్నా, ఇది మా మేనేజర్ దగ్గర మాత్రం అనకు" అన్నాడు.

డెడ్‌లైన్ కథ ఇంకా చేదు. అమెరికా అంతర్యుద్ధంలో, 1864లో, జార్జియా రాష్ట్రం ఆండర్సన్‌విల్‌లో దక్షిణాది వాళ్ళు యుద్ధఖైదీల శిబిరం పెట్టారు. అందులో గోడకు కొంత ఇవతల ఒక చెక్క కంచె వేశారు. దాన్ని తాకినా దాటినా కావలివాడు కాల్చేయొచ్చు. ఖైదీలు ఆ గీతను డెడ్‌లైన్ అన్నారు. సుమారు నలభై అయిదు వేలమందిని అక్కడ ఉంచితే, పదమూడు వేలమంది దాకా తిండి లేక, రోగాలతో పోయారు. తర్వాత ఆ మాట పత్రికాఫీసుల్లో చేరి, అక్కణ్ణించి మన ఫీజు రసీదుల మీదికి వచ్చింది. 'గడువు' అనే మెత్తటి మాట మనకు ఉండనే ఉంది. గడువు దాటితే జరిమానా కడతాం, మహా అయితే బతిమాలుకుంటాం.

కొన్ని మాటలు అచ్చంగా వెక్కిరింతలు. స్వయంకృషితో పైకొచ్చినవాణ్ణి, తన బూట్ల పట్టీలు పట్టుకుని తనను తానే పైకి లాక్కున్నాడని ఇంగ్లీషులో పొగుడుతారు. 1834లో అమెరికా పత్రికల్లో ఆ పోలిక కనిపించినప్పుడు అది పొగడ్త కాదు. నిత్యం దానంతటదే తిరిగే యంత్రం కనిపెట్టానన్న ఒకాయన్ని ఎగతాళి చేస్తూ రాసింది. బావిలో పడ్డవాడు తన జుట్టు తానే పట్టుకుని బయటికి లాక్కోగలడా? ఆ బూటు పట్టీ నుంచే కంప్యూటర్ 'బూట్' అవడం అనే మాట వచ్చింది. యంత్రం సంగతేమో గానీ, మనిషికి అది ఇప్పటికీ సాధ్యం కాదు. 'మెరిటోక్రసీ' కూడా అంతే. ఆ మాటకు ప్రచారం తెచ్చింది బ్రిటిష్ సామాజికవేత్త మైకేల్ యంగ్ 1958లో రాసిన వ్యంగ్య రచన. ప్రతిభ పేరుతో కొత్త దొరతనం వస్తుందని హెచ్చరించాలని రాశాడు. జనం దాన్ని ఆదర్శమనుకున్నారు. 2001లో, ఎనభై దాటిన వయసులో, ఆ మాట అందరూ మెచ్చుకోలుగా వాడేస్తున్నారని పత్రికలో వాపోయాడు పాపం. ఇంగ్లీషులో సానరాయికి ముక్కు ఆనించడమూ అలాంటిదే. ఇప్పుడది శ్రద్ధగా పనిచేయడం, పదహారో శతాబ్దంలో మాత్రం ఎదుటివాణ్ణి అణచి పెట్టడం.

అసలు 'సక్సెస్' అంటేనే ఒకప్పుడు గెలుపు కాదు. తర్వాత వచ్చేది, అంతే. మంచి సక్సెస్, చెడ్డ సక్సెస్ అని రెండూ ఉండేవి. మనం 'ఫలితం' అంటామే, అలాగన్నమాట. ఇప్పుడు మన సినిమావాళ్ళు విడుదలైన మర్నాడే సక్సెస్ మీట్ పెడుతున్నారంటే, తెలియకుండానే ఆ పాత అర్థాన్ని నిలబెడుతున్నారేమో!

ఇక మన మాటలు. రెక్కలు ముక్కలు చేసుకోవడం, చెమటోడ్చడం, కాళ్ళరిగేలా తిరగడం, నడుం బిగించడం. అన్నీ ఒంటికి సంబంధించినవే. చివర్న కప్పు ఇస్తారని ఒక్కటీ చెప్పదు. రెక్కాడితేగాని డొక్కాడదు అన్నాక గెలుపు మాటెక్కడ? పూట గడిస్తే చాలు. భగీరథ ప్రయత్నం అంటాం. ఆయన గంగను తెచ్చింది తన ర్యాంకు కోసం కాదు, బూడిదైపోయిన అరవైవేల మంది పెద్దల కోసం. అంతకుముందు తాత అంశుమంతుడు, తండ్రి దిలీపుడు ఆ పనిమీదే ఉండి, అది తీరకుండానే పోయారు. వాళ్ళను ఫెయిలయ్యారని కథ ఎక్కడా అనదు. ఆకాశానికి నిచ్చెన వేయడం మనకు పరిహాసం. ఇప్పుడదే ఆకాశం 'ఆకాశమే హద్దుగా' అని తర్జుమా అయి కరపత్రాల్లో కనిపిస్తోంది.

మనవన్నీ మేలిమి అనడం లేదు. ప్రయత్నం పురుష లక్షణం అన్నవాడు, తెల్లవారుజామున లేచి కట్టెలపొయ్యి ఊదిన మా అమ్మను చూసి ఉండడు. ఇంకో సంగతి. గోడ మీది ఆ మిడ్‌నైట్ ఆయిల్ దగ్గర మనం ఇంగ్లీషువాళ్ళకంటే ఒక అడుగు ముందే ఉన్నాం. వాళ్ళు దీపంలో నూనె తగలేస్తారు, మనం కళ్ళలోనే వత్తులు వేసుకుంటాం. ప్రాచీన గ్రీకు వక్త డెమోస్తనీసు ఉపన్యాసాలు దీపపు వత్తి కంపు కొడుతున్నాయని ఏథెన్సులో పైథియాసు అనేవాడు ఎద్దేవా చేశాడని జీవితచరిత్రకారుడు ప్లూటార్కు రాశాడు. రాత్రుళ్ళు మేలుకుని రాసేవాడని ఆక్షేపణ. ఈనాడైతే ఆ డెమోస్తనీసుకు ఫ్లెక్సీ కట్టేవాళ్ళు.

ఇంతలో మావాడు దిగాడు. కళ్ళు గుంటలు పడ్డాయి. సున్నుండ నోట్లో పెట్టుకుంటూనే, "తాతయ్యా, పావుగంటే టైముంది" అన్నాడు.

"ఎన్నింటికి పడుకుంటున్నావురా?"

"పదకొండున్నర. లేపడం ఐదింటికి."

గోడకేసి చూపించి, ఆ మైలు కథ సగం చెప్పాను. వాడు శ్రద్ధగా విని, "ఇది ఈఏపీసెట్‌లో రాదు కదా?" అన్నాడు. రాదని ఒప్పుకున్నాను. స్కూలు అనే మాటకు గ్రీకులో మూలం తీరిక అని కూడా చెప్పబోయాను గానీ గంట కొట్టారు. వాడు పైకి వెళ్ళిపోయాడు.

మీ ఇంట్లో ఈ ఏడు పరీక్ష రాసే పిల్లలుంటే, వాళ్ళు హాస్టల్లో కాక మీ దగ్గరే ఉంటే, ఒక్క పని చేసిపెట్టండి. రాత్రి పదింటికల్లా ఆ గదిలో లైటు తీసేయండి.