అన్నపు గిన్నెలో బంగాళాదుంప

కోస్తా ఆంధ్రులు ఆ దుంపకు బంగాళాదుంప అని పేరు పెట్టి, అది తమ దాకా వచ్చిన దారిని పేరులోనే నిలుపుకొన్నారు. తెలంగాణలో అది ఆలుగడ్డ. రాయలసీమలో తమిళపు ఛాయతో ఉర్లగడ్డ. మహారాష్ట్రులు, గుజరాతీలు పోర్చుగీసువారి మాటను దాదాపు అలాగే ఉంచుకొని బటాటా అంటారు. దక్షిణ అమెరికాలో, ఆండీస్ పర్వతాలలోని టిటికాకా సరస్సు పరిసరాలలో వేల యేండ్ల క్రితం సాగులోకి వచ్చిన ఈ పంట పదహారో శతాబ్ది ఉత్తరార్ధంలో స్పెయిన్ చేరి, ఆ తరువాత సముద్రాల మీదుగా భారతదేశానికి వచ్చింది. సంస్కృతంలో ‘ఆలు’ అన్న మాట అంతకు ఎంతో ముందు నుంచి ఉన్నది. వేరే దుంపలకు చెల్లిన ఆ పేరును ఈ కొత్త దుంప సొంతం చేసుకొన్నది. తెలుగువారు పేరులో బంగాళాన్ని తలచుకొన్నారే గాని, బంగాళంలో దానిని ఎట్లా తింటారన్న విషయం అంతగా పట్టించుకోలేదు. పట్టించుకోక తప్పనివారు కొందరున్నారు. వారు రైల్వే కుటుంబాలవారు.

బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూర్‌లో పెద్ద వర్క్‌షాపు నెలకొల్పినప్పటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తెలుగువారు అక్కడికి వలసపోయారు. మూడు నాలుగు తరాలు గడిచినా అక్కడి వీధులలో తెలుగు వినిపిస్తూనే ఉన్నది. 2020 డిసెంబరులో తెలుగును అధికార భాషగా గుర్తించడానికి పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం ఆమోదం తెలిపింది. 1961లో శ్రీకాకుళం జిల్లాలోని ఒక పల్లె నుంచి కొత్త కోడలిగా ఆ రైల్వే కాలనీ క్వార్టరుకు వచ్చిన ఒక ఇల్లాలి వంటింటి కథ ఇది.

ఆమెకు తెలిసిన బంగాళాదుంప వంట ముద్దకూర. ఉడికించి చిదిమిన దుంపను అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకుతో పోపులో వేసి, దించిన తరువాత నిమ్మకాయ పిండడం. పక్క క్వార్టరులోని బెంగాలీ గృహిణి చేసే ‘ఆలూ భాతే’ అందుకు పూర్తిగా భిన్నమైనది. భాతే అంటే ‘అన్నంలో’ అని అర్థం. బియ్యం ఉడుకుతున్న గిన్నెలోనే తొక్కతో సహా దుంపలు వేస్తారు. గంజి వార్చిన తరువాత వాటిని తీసి తొక్క ఒలిచి, పచ్చి ఆవనూనె, ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర వేసి చేత్తో మెదుపుతారు. ఒక్కొక్కనాడు గుమ్మడి ముక్క, కాకరకాయ, గుడ్డలో మూటగట్టిన పప్పు కూడ అదే గిన్నెలో ఉడుకుతాయి. పొయ్యి ఒకటే, గిన్నె ఒకటే. బొగ్గు పొదుపు చేయవలసిన ఇంటికి ఇంతకన్న అనువైన వంట లేదు.

కొత్త కోడలు తొలిసారి ఆ వంటకు పూనుకొన్నప్పుడు పచ్చడి అలవాటుకొద్దీ ఉడికిన దుంపలను రోట్లో వేసి నూరింది. అది గోడపత్రికలు అంటించే జిగురు వలె సాగి, రోలును, పొత్రాన్ని, వేళ్లను పట్టుకొని వదలలేదు. ఉడికిన దుంపలో పిండిపదార్థం సన్నని గదులలో ఒదిగి ఉంటుంది. గట్టిగా నూరితే ఆ గదులు చితికి పిండి బయటపడి జిగురవుతుంది. వేడి మీద చేత్తో మెల్లగా నలిపితే అవి ఒకదాని నుంచి ఒకటి విడివడతాయే గాని చితకవు. ఆ శాస్త్రం ఇద్దరికీ తెలియదు. కాని పక్కింటామె నవ్వి, ఆమె చేయి పట్టుకొని, “రోలు కాదు బౌమా, వేళ్లు” అన్నది. తెలుగులో నూరడం, దంచడం, ఎనపడం, పిసకడం, చిదమడం, మెదపడం వేరువేరు పనులు. ఇన్ని మాటలున్న భాషలో పెరిగి కూడ ఏ దుంపకు ఏ క్రియ తగునో పరాయి ఊళ్లో నేర్చుకోవలసి వచ్చింది. ఆనాటి నుంచి ఆమెకు పక్కింటామె మాసీమా, అంటే పిన్నమ్మ.

పచ్చి ఆవనూనె వాసనకు తెలుగువారు సాధారణంగా ముఖం తిప్పుకొంటారు. ఆమె తిప్పుకోలేదు. పనసపొట్టు కూరలోను, అరటికాయ కూరలోను పచ్చి ఆవ నూరి కలిపే ఇంటి నుంచి వచ్చిన మనిషికి ముక్కు పుటాలలోకి ఎక్కే ఆ ఘాటు పాత పరిచయమే. ఆవను నలగగొట్టినప్పుడు పుట్టే ఘాటు అది, మరిగిస్తే తగ్గిపోతుంది. అందువల్లనే ఈ వంటలో నూనె పొయ్యి ముఖం చూడదు. అరకిలో దుంపలకు రెండు చెంచాలు చాలు. అయితే మరిగించని నూనెను నమ్మి తినడంలో అపాయమూ ఉన్నది. 1998లో ఢిల్లీలో బ్రహ్మదండి గింజల నూనె కలిసిన ఆవనూనె వల్ల ఉబ్బు రోగం వ్యాపించి పలువురు మరణించారు. ఆ ముళ్ల మొక్క కూడ దుంప వలెనే అమెరికా ఖండం నుంచి వచ్చినదే. ఒకటి గిన్నెలో చేరింది, ఒకటి చేలగట్ల మీద కాచుకొని ఉన్నది. ఆ వార్త తెలిసిన తరువాత ఆమె కొన్ని నెలల పాటు విడి నూనె కొనడం మానివేసింది.

ఆమె భర్తతో పని చేసిన బక్సర్ ప్రాంతపు ఫిట్టరు ఒకరు శీతకాలంలో పెరట్లో పిడకల నిప్పు వేసి లిట్టీ, చోఖా చేసేవారు. వంకాయ, టమాటా నిప్పులోనే కాల్చి, నల్లబడిన తొక్క తీసి, దుంపతో కలిపి, పచ్చి వెల్లుల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర, ఆవనూనె వేసి మెదిపితే అది చోఖా. పొగ వాసన అందులో సగం రుచి. ఏటా నవంబరు, డిసెంబరు మాసాలలో బక్సర్‌లో జరిగే పంచకోశీ యాత్ర చివరిరోజున వేలాది మంది గంగ ఒడ్డున ఇదే వండుకొని తింటారు. విశ్వామిత్రుని ఆశ్రమానికి వచ్చిన రాముడు తిన్నది ఇదేనని వారి విశ్వాసం. అప్పటికి దుంప ఎక్కడిదని ఆ పొగలో అడిగేవారుండరు, అడగవలసిన పనీ లేదు. తరువాత ఆమె కుమారుడు ఉద్యోగరీత్యా గువాహటి చేరినప్పుడు అక్కడ దాని పేరు పిటికా అయింది. అస్సామీయులు ఒక్కొక్కప్పుడు నేల మీద పాకే మణిముని ఆకును, మన మండూకపర్ణిని, తరిగి అందులో కలుపుతారు. తల్లి అక్కడికి వెళ్లినప్పుడు ఆ ఆకు చేదును మెచ్చుకొన్నదే గాని, ఖరగ్‌పూర్ తిరిగి వచ్చి కొత్తిమీరనే వాడింది.

1972 చలికాలంలో మాసీమా భర్త మరణించారు. ఆ ఇంటి ఆచారం ప్రకారం మాసీమా చేప, గుడ్డు మానవలసి వచ్చింది. వాటితోపాటు ఉల్లి, వెల్లుల్లి, ఎర్ర కందిపప్పు అనే మసూరు కూడ నిషేధం. ఏకాదశి నాడు అన్నపు గిన్నెలో ఉడికిన దుంప కూడ అన్నంతో సమానమే గనుక, దానిని వేరే గిన్నెలో ఉడికించి సైంధవ లవణంతో తినాలి. బెంగాలీ వితంతువులు ఇన్ని నిషేధాల మధ్య కల్పించుకొన్న శాకాహార వంటలను ఈనాడు రసజ్ఞులు ఎంతో కొనియాడుతారు. ఆ కొనియాడడంలో న్యాయముంది, మరపు కూడ ఉన్నది. ఆ నేర్పు ఆకలిని, ఒంటరితనాన్ని బతికించుకోవడానికి పుట్టిన నేర్పు. వితంతు వివాహ చట్టం 1856లో వచ్చింది. దానికై పోరాడిన ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు జన్మించిన బీర్‌సింహ గ్రామం ఈనాడు ఖరగ్‌పూర్ ఉన్న జిల్లాలోనే ఉన్నది. 1881లో రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులు తొలి వితంతు వివాహం జరిపించారు. శాసనం పెండ్లిపీట దాకా వచ్చింది గాని, వంటింటి గడప దాటి కంచం దాకా రాలేదు.

ఆమె ఆ సంవత్సరం నుంచి దుంపలను రెండు భాగాలు చేయసాగింది. శుభ్రంగా చేతులు కడుక్కొని ముందుగా మాసీమా ముద్ద కలిపేది. ఉల్లి లేదు గనుక కొత్తిమీర రెట్టింపు, కాస్త అల్లం తురుము, ఆవనూనె, పైన చెంచాడు నెయ్యి. ఆ తరువాతనే పిల్లలకు ఉల్లి వేసినది. చిన్న ఇత్తడి గిన్నెలో ముద్ద పెట్టి మూత వేసి, వెనుక గుమ్మం గుండా అందించేది. మాసీమా గిన్నె ఖాళీగా తిరిగి ఇచ్చేది కాదు. రెండు బెల్లపు ముక్కలైనా వేసేది.

ఒకనాడు పిల్లలు బడికి తొందరపడినందున వారి ముద్ద ముందు కలపవలసి వచ్చింది. చేతులు కడుక్కొన్నా ఉల్లి వాసన అంత సులభంగా పోదు. గిన్నె అందిస్తుండగా మాసీమా ఆమె చేయి పట్టుకొని ముక్కు దగ్గరకు తెచ్చుకొని, “నీ వేళ్లు ఉల్లి వాసన వేస్తున్నవి, బౌమా” అన్నది. ఆమె భయపడి, మళ్లీ కడుక్కొని వేరే ముద్ద కలిపి తెస్తానన్నది. మాసీమా చేయి వదలలేదు. “వద్దులే” అన్నది.

ఆనాటి నుంచి ఆమె కలిపే వరుస మారింది. మొదట పిల్లల ముద్ద. తరువాత చేతులు ఒకసారి నీళ్లలో ముంచి తీసి, మాసీమా ముద్ద.