అండమాన్ దీవులలో మా పనిముట్ల పెట్టె

అండమాన్ దీవులనగానే మనలో పెక్కుమందికి సెల్యులార్ జైలు, పగడపు దిబ్బలు, తెల్లని ఇసుక తీరాలు స్ఫురణకు వస్తాయి. మాకు మాత్రం నేటికీ మొదట జ్ఞప్తికి వచ్చేది 30 మిల్లీమీటర్ల రింగ్ స్పానర్ ఒకటి. హాస్యానికి చెబుతున్న మాట కాదిది. ఆ స్పానర్ కథ చెప్పడానికే ఈ వ్యాసం పూనుకున్నాము.

2023 ఫిబ్రవరిలో మన సంస్థ సరఫరా చేసిన పంపుల మరమ్మతు నిమిత్తం మేమూ, ఇద్దరు టెక్నీషియన్లూ పోర్ట్ బ్లెయిర్ వెళ్ళవలసి వచ్చినది. (2024 సెప్టెంబరులో ఆ నగరానికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. మేము వెళ్ళిన నాటికి పాత పేరే.) విమానంలో అయితే కొద్ది గంటల ప్రయాణం. కాని నలభై కిలోల పనిముట్ల పెట్టె మా వెంటనే ఉండవలెనన్న పట్టుదలతో విశాఖపట్నం నుంచి ఓడ ఎక్కాము. సుమారు 1200 కిలోమీటర్ల సముద్రం. మొదటి రాత్రి మా టెక్నీషియన్లలో చిన్నవాడికి వాంతులు. రెండవ రోజు మాకు. మూడవ రోజు ఉదయం పచ్చని కొండలు కనబడగానే అందరి ముఖాలూ తేటపడ్డాయి.

హాడ్డో రేవులో దిగి ఆటో ఎక్కామో లేదో, డ్రైవరు తెలుగులో "ఏ ఊరండీ?" అని అడిగాడు. ఆ తరువాత ఎక్కడికి వెళ్ళినా ఇదే అనుభవం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపాలలో సుమారు ఎనిమిదవ వంతు మంది మాతృభాష తెలుగు. జంగ్లీఘాట్ రేవులో వలలు సర్దుకుంటున్న మత్స్యకారుల మాటలు వింటుంటే భీమిలి తీరంలో నిలబడినట్లే ఉన్నది. వీరిలో చాలామంది పూర్వులు శ్రీకాకుళం, విశాఖ జిల్లాల నుంచి వచ్చినవారు.

పని మరునాడే ఆరంభమైనది. ఉప్పు గాలి లోహాన్ని ఎట్లా తింటుందో పుస్తకాలలో చదివాము, విశాఖలో కొంత చూశాము. ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వర్షం కురిసే ఈ దీవులలో చూసినది వేరు. పంపు అడుగు బోల్టుల నట్లు ఆరు మూలలూ అరిగి, గుండ్రని గోలీలవలె ఉన్నాయి. మూడవ రోజు మధ్యాహ్నం ఒక నట్టు ఎంతకూ కదలలేదు. మా చిన్న టెక్నీషియన్ 24 మి.మీ. డబుల్ ఎండ్ స్పానర్ పట్టించి, దాని పిడికి రెండడుగుల ఇనుప గొట్టం తొడిగి, "సార్, వేయనా?" అని అడిగాడు. సాయంత్రంలోగా పంపు విప్పాలన్న తొందరలో మేము "వేయి" అన్నాము. స్పానర్ దవడ విచ్చుకుని జారింది. అతని అరచేయి పంపు అంచుకు తగిలి చీలింది. ఆసుపత్రిలో నాలుగు కుట్లు వేశారు.

అదే సాయంత్రం, గొట్టమేమీ లేకుండానే, మరో బోల్టు వద్ద 30 మి.మీ. రింగ్ స్పానర్ ఉంగరం ఫట్టుమని పగిలింది. రెండూ ఒకే కంపెనీవి, ఒకే సెట్టువి. పెట్టె మూతపై "తయారీ లోపాలకు జీవితకాల హామీ" అని అచ్చువేసి ఉన్నది. రాత్రి గెస్టుహౌసులో కూర్చుని కంపెనీకి ఉత్తరం రాశాము. రెండు స్పానర్లూ నాసిరకమైనవనీ, వాటివలన మా మనిషి గాయపడినాడనీ, రెండూ మార్చి ఇవ్వవలసినదనీ దాని సారాంశం. కార్యాలయానికి పంపవలసిన ప్రమాద నివేదికలో కూడా "స్పానర్ లోపం వలన" అని రాసుకున్నాము. గొట్టం మాట రాయలేదు.

మరునాడు కొత్త స్పానర్ కోసం అబెర్డీన్ బజారుకు వెళ్ళాము. గడియార స్తంభం చుట్టూ అంగళ్ళు, కొంతదూరంలో ఎత్తున సెల్యులార్ జైలు. హార్డ్‌వేర్ దుకాణాలలో 24 వరకు దొరికినవి గాని 30 దొరకలేదు. ఒక దుకాణదారుడు, "ఫలానా సందులో పెద్దాయన ఉన్నాడు, ఆయననడగండి" అన్నాడు. ఆ పెద్దాయన శ్రీకాకుళం జిల్లా బారువ ప్రాంతంవాడు. ఫీనిక్స్ బే డాక్‌యార్డులో ఫిట్టరుగా పనిచేసి విశ్రాంతి పొందిన తరువాత చిన్న రిపేరు కొట్టు పెట్టుకున్నాడట. డెబ్బై దాటినవాడు. మా చేతిలోని రెండు స్పానర్లూ తీసుకుని, కళ్ళజోడు నుదుటిపైకి నెట్టి, వెలుతురులోకి వెళ్ళి చూశాడు.

"దీనికి పైపు ఏసినారు గదా బాబూ?" అన్నాడు 24 స్పానర్ చూపి.

మేము వెంటనే బదులు చెప్పలేదు. ఆయన తిరిగి అడగలేదు. దవడల మధ్య 24 నట్టు ఒకటి పెట్టి ఊపి చూపాడు. రెండు వైపులా సమానంగా విచ్చుకున్నది, పగులు లేదు. పిడి మీద గొట్టం అంచు నొక్కిన గీత తళతళలాడుతున్నది. "ఇది మంచి ఇనుమే. మంచిది గనకే ఇరక్కుండా ఒంగింది. ఇది మీ తప్పు. అది మట్టుకు ఆళ్ళ తప్పు" అని రింగ్ స్పానర్ పగులు మా కళ్ళ ముందు పెట్టాడు.

పగిలిన ముఖంలో మూడవ వంతు నల్లగా, మిగిలినది వెండివలె మెరుస్తూ గింజలు గింజలుగా ఉన్నది. ఆ నలుపు పాత పగులు. ఉక్కును ఎర్రగా కాల్చి నూనెలో ముంచి గట్టిపరచేటప్పుడు, జాగ్రత్త తప్పితే, సన్నని బీట పడుతుంది. పిమ్మట చేసే వేడిలో ఆ బీట లోపలి గోడలు నల్లబడతాయి. పైన క్రోమియం పూత పడితే కంటికి కనబడదు. మేము కొన్నది ఆ బీటతో సహా కొన్నాము. మెరుస్తున్న భాగం మాత్రమే నిన్న మా చేతిలో విరిగినది. లోహశాస్త్రం కళాశాలలో చదివి, ముప్పై ఏళ్ళు ఉద్యోగం చేసి, ఈ సంగతి ఒక ఫిట్టరు చెప్పేవరకు మేము చూడలేదు. కోపం కళ్ళకు అడ్డం వచ్చినదని మాత్రమే చెప్పుకోగలము.

ఆయన వద్ద 30 రింగ్ స్పానర్ ఉన్నది. అమ్మనన్నాడు. "పని అయినాక తెచ్చి ఇచ్చీండి" అని చేతిలో పెట్టాడు. వెళుతుండగా వెనక్కు పిలిచి, "రేతిరికి నట్టు మీద కిరసనాయిలు పోసి వదిలీండి. పొద్దున్న సుత్తితో నాలుగు పక్కలా తట్టండి. అప్పుడు పానా ఎయ్యండి" అన్నాడు. అట్లే చేశాము. ముందు రోజు మొండికెత్తిన నట్టు ఉదయం ఆరున్నరకు గొట్టం లేకుండానే కదిలింది.

ఆ రాత్రి రెండు కాగితాలూ చించి కొత్తవి రాశాము. కంపెనీకి రాసిన దానిలో 24 స్పానర్ ప్రసక్తి తీసివేశాము. ప్రమాద నివేదికలో "స్పానర్ పిడికి గొట్టం తొడగడం వలన, మా అనుమతితో" అని రాశాము. దానివలన తరువాత మేము సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చినది, అది వేరే విషయం. చిన్నవాడు కట్టు కట్టిన చేతితో ఆ కాగితం చదివి, ఏమీ అనకుండా మడిచి తిరిగి ఇచ్చాడు.

ఇక్కడ కొంచెం ఆగి, పనిముట్ల ఎంపిక గురించి నాలుగు మాటలు. ఇవి కర్మాగారంలోని మిత్రులకే కాక ఇంటిలో కటింగ్ ప్లేయర్, స్క్రూ డ్రైవర్ ఉంచుకునే గృహస్థులకు కూడా పనికివస్తాయి.

స్పానర్ పిడి పొడవు ఊరికే నిర్ణయించినది కాదు. దవడ ఎంత బలం మోయగలదో దానికి తగినంతే పిడి ఉంచుతారు. పిడి పొడవును రెట్టింపు చేస్తే దవడ మీద పడే మెలి కూడా రెట్టింపవుతుంది. అందుకే గొట్టం తొడిగిన పనిముట్టుకు ఏ కంపెనీ హామీ ఇవ్వదు. మెరుపు చూసి కొనడం మరొక పొరపాటు. పూత కింద ఉన్నది క్రోమ్ వనేడియం ఉక్కా, సాదా ఇనుమా అనేది పూత చెప్పదు. సైజూ కంపెనీ పేరూ లోహంలో లోతుగా దిగి ఉన్నాయా, రంగుతో అచ్చయినవా చూడాలి. కొత్త నట్టు ఒకటి జేబులో వేసుకుని వెళ్ళి దవడలో పెట్టి ఊపి చూడాలి. దుకాణదారుడు విసుక్కున్నా సరే. తుప్పు తిన్న నట్లకు పన్నెండు మూలల సాకెట్ కన్న ఆరు మూలలది మేలు, అది నట్టు మూలల మీద గాక పక్కల మీద పట్టుకుంటుంది. ప్లేయర్ మూసి వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే కత్తెర అంచుల మధ్య వెలుగు కనబడరాదు. పిడికి ఎర్రని ప్లాస్టిక్ తొడుగు ఉన్నంత మాత్రాన కరెంటు పనికి పనికిరాదు. రెండు త్రిభుజాల గుర్తు, దాని పక్కన 1000 వోల్టులు అని ఉన్నదే ఆ పనికి ఉద్దేశించినది. మిగిలినవాటి తొడుగు చేతి పట్టు కోసమే. దీన్ని మాత్రం ఇంటిలో పిల్లలకు కూడా చెప్పి ఉంచవలసినది.

మన కొనుగోలు పద్ధతి గురించి కూడా ఒక మాట, ఎవరినీ నొప్పించడానికి కాదు. ఇండెంటులో "రింగ్ స్పానర్ సెట్టు, మంచి రకం" అని రాసి పంపితే, తక్కువ ధర కోట్ చేసినవాని సరుకే వస్తుంది. మంచి రకమన్న మాటకు టెండరులో అర్థం లేదు. రింగ్ స్పానర్లకు ఐ.ఎస్. 2029, ఓపెన్ స్పానర్లకు ఐ.ఎస్. 2028 అని భారతీయ ప్రమాణాలున్నాయి. ఆ సంఖ్య రాస్తే తిరస్కరించే హక్కు మనకు ఉంటుంది. ఈ స్పానర్ సెట్టుకు ఇండెంటు పెట్టినది మేమే. సంఖ్య రాయలేదు.

హామీ విషయానికి వస్తే, అమెరికాలో సియర్స్ అనే దుకాణాల సంస్థ తన క్రాఫ్ట్స్‌మన్ చేతి పనిముట్లకు ఇచ్చిన హామీ చాలా ప్రసిద్ధి. విరిగిన స్పానర్ కౌంటరు మీద పెడితే, బిల్లు అడగకుండా కొత్తది చేతికి ఇచ్చేవారట. 2017లో ఆ బ్రాండును స్టాన్లీ బ్లాక్ అండ్ డెకర్ కంపెనీ కొన్నది. స్నాప్-ఆన్ వారి మనిషి అయితే వ్యానులో మెకానిక్ షెడ్డు దగ్గరకే వస్తాడు. ఆలోచిస్తే ఈ రెండింటిలోను గొప్పతనం కాగితం మీది మాటలో లేదు, కౌంటరులోనూ వ్యానులోనూ ఉన్నది. ద్వీపంలో మాకు లేనివి ఆ రెండే. మేము ఫోను చేస్తే కంపెనీవారు, పోర్ట్ బ్లెయిర్‌లో తమకు డీలరు లేడనీ, స్పానర్‌ను చెన్నై డిపోకు మా ఖర్చుతో పంపవలెననీ, బిల్లు జతపరచవలెననీ చెప్పారు. బిల్లు విశాఖలోని స్టోర్సులో ఎక్కడో ఫైలులో ఉన్నది.

అదృష్టవశాత్తు 2020 ఆగస్టులో చెన్నై నుంచి ఈ దీవులకు సముద్ర గర్భ కేబుల్ వచ్చినది. బి.ఎస్.ఎన్.ఎల్. ద్వారా జరిగిన పని, సుమారు 2300 కిలోమీటర్ల తీగ. సాటి ప్రభుత్వ రంగ సంస్థ సోదరుల కృషిని ఈ సందర్భంలో స్మరించుకోవడం మా ధర్మం. పగులు ముఖం ఫొటో తీసి, నల్లని భాగం చుట్టూ గీత గీసి, "గట్టిపరచే దశలో పడిన బీట" అని రాసి పంపాము. స్టోర్సు మిత్రులు బిల్లు వెదికి ఫొటో పంపారు. ఫొటో అందిన రెండవ రోజే కంపెనీ ఇంజనీరు ఒకరు స్వయంగా ఫోను చేసి, లోపం తమదేనని అంగీకరించారు. రెండు స్పానర్లూ కలిపి రాసిన మొదటి ఉత్తరం వెళ్ళి ఉంటే, విచ్చుకున్న దవడ చూసి రెండింటినీ తిరస్కరించి ఉండేవారని మా నమ్మకం.

ఇంటి వాడకానికో, జీవనోపాధికో పనిముట్లు కొనుక్కునేవారు తెలుసుకోవలసినది మరొకటి ఉన్నది. 2020 జూలైలో అమలులోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం కొన్నవారు తాము నివసించే చోటనే ఫిర్యాదు చేయవచ్చు. సంస్థలు వ్యాపార నిమిత్తం కొన్నవాటికి అది వర్తించదు. కాబట్టి మాకు ఆ దారి లేదు. పెద్దాయన వంటి స్వయం ఉపాధివారికి ఉన్నది.

పని ముగిసిన తరువాత మిగిలిన ఒక్క రోజూ ఊరు చూశాము. చాతమ్ దీవిలోని రంపపు మిల్లు 1883 నాటిది. నేటికీ అటవీశాఖదే. వంతెన దాటి వెళుతుంటే పడౌక్ కర్ర వాసన. 1942లో జపాను బాంబు పడి ఏర్పడిన గుంటను అట్లే ఉంచారు. మా పెద్ద టెక్నీషియన్ మ్యూజియంలోని శిల్పాలు వదిలి, రంపపు పళ్ళు ఎట్లా పదును పెడతారో అడుగుతూ అరగంట నిలబడిపోయాడు. సెల్యులార్ జైలులో గానుగ చూశాము. మనిషికి రోజుకు ముప్పై పౌన్ల కొబ్బరి నూనె తీయమని విధించేవారు. దాని ముందు మేము ముగ్గురమూ మాట్లాడుకోలేదు.

కొత్త స్పానర్ పదకొండు వారాలకు, మేము విశాఖ చేరిన చాలా రోజులకు, పంపు హౌసుకు అందినది. ఆపరేటరు ఫోను చేసి, నూనె రాసి మేకుకు తగిలించామని చెప్పాడు. పెద్దాయన స్పానర్ సంగతి అడిగాము. మీరు ఓడ ఎక్కిన రోజునే ఇచ్చివచ్చామనీ, ఆయన దాన్ని వెలుతురులో తిప్పి తిప్పి చూసుకుని గాని లోపల పెట్టలేదనీ చెప్పాడు.