చెరకు ద్వీపం చెప్పే లెక్క

హిందూపురం బెల్లం మండీ ఎరిగినవారికి చెరకును కొత్తగా పరిచయం చేయనక్కర లేదు. గానుగాడిన రసం పెనంలో మరిగి, చిక్కబడి, అచ్చులలో గట్టిపడి అంగడికి చేరుతుంది. ఇదే చెరకు హిందూ మహాసముద్రంలోని మారిషస్ ద్వీపంలో వేరొక చరిత్రను సృష్టించింది. ఆ చరిత్రలో తెలుగువారు ఉన్నారు, ముస్లిములు ఉన్నారు. కనుక ఆ ద్వీపానికి వెళ్ళేవారు సముద్రతీరపు సౌందర్యంతో సరిపెట్టుకోక, చెరకుతోటల కథ కూడా తెలుసుకొని రావాలి.

రాజధాని పోర్ట్ లూయీ రేవులో ఆప్రవాసీ ఘాట్ ఉంది. 1849లో కట్టడం మొదలైన ఈ వలస కూలీల విడిదిని యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. 1835లో అక్కడ బానిసత్వం రద్దయినప్పుడు బ్రిటిష్ ప్రభుత్వం నష్టపరిహారం చెల్లించింది బానిసలకు కాదు, వారి యజమానులకు! తోటలకు మళ్ళీ చేతులు కావలసివచ్చాయి. 1834 నుండి 1920 వరకు దాదాపు ఐదు లక్షలమంది భారతీయులు ఈ రేవులో దిగారు. కొందరు ఇక్కడే నిలిచారు, మరికొందరు ఇతర వలసరాజ్యాలకు తరలిపోయారు. గోదావరి సాగరసంగమం చెంతనున్న కోరంగి రేవునుండి ఓడలెక్కిన తెలుగువారికి అక్కడ 'కోరంగీలు' అనే పేరు స్థిరపడింది.

వారి చేతిలో ఐదేళ్ళ ఒప్పందపత్రం ఉండేది. పురుషునికి నెలకు ఐదు రూపాయల జీతం, కొంత ధాన్యం. అయితే ఒక్కనాడు పనికి రాకపోతే రెండునాళ్ళ కూలి కోసేవారు. ఒప్పందం ముగిసినవారు సైతం అనుమతిపత్రం లేకుండా తిరిగితే పట్టుబడేవారు. 1871లో తొమ్మిది వేలకు పైగా పాత కూలీలు విన్నపం సమర్పించగా, విచారణకు రాజకమిషన్ ఏర్పడింది.

నేటికీ చెరకుచేల నడుమ గోపురాలవలె నల్లని అగ్నిపర్వత శిలల గుట్టలు కనిపిస్తాయి. నేలను సాగుకు తేవడానికి బానిసలూ, కూలీలూ చేతులతో ఏరి పోసిన రాళ్ళవి. వాటిపై ఏ పేరూ చెక్కబడి లేదు. పాంప్లిమూస్ సమీపంలో 1999లో మూతపడిన బో ప్లాన్ చక్కెర కర్మాగారం ఇప్పుడు ప్రదర్శనశాల. పాతయంత్రాలు చూశాక సందర్శకులకు రకరకాల చక్కెరలు రుచి చూపుతారు. అక్కడే చెరకు మడ్డినుండి తీసిన మద్యం కూడా పోస్తారు. ముస్లిం కుటుంబాలు ఆ బల్ల వద్ద జాగ్రత్త వహించాలి.

నగరంలోని జుమా మసీదు 1850ల నాటిది. గుజరాతీ వర్తకులు దాని నిర్మాణానికి పూనుకున్నారు. నమాజు వరుసలో మాత్రం వర్తకుని పక్కన కూలివాని సంతతి భుజం కలిపి నిలుస్తుంది. తోటలో లేని సమానత్వం పంక్తిలో ఉంది.

దివ్య ఖుర్‌ఆన్‌లోని ముతఫ్ఫిఫీన్ సూరా, తాము తీసుకొనేటప్పుడు నిండుగా కొలుచుకొని, ఇతరులకిచ్చేటప్పుడు తగ్గించేవారిని తీవ్రంగా హెచ్చరిస్తుంది. తూనిక అంటే త్రాసు మాత్రమే కాదు. ఒకనాటి గైర్హాజరుకు రెండునాళ్ళ కూలి కోయడం కూడా తప్పుడు కొలతే. పని పూర్తిగా చేయించుకొని కూలి ఇవ్వనివానికి ప్రళయదినాన తానే ప్రతివాదిగా నిలుస్తానని అల్లాహ్ ప్రకటించినట్లు దైవప్రవక్త (సల్లం) తెలియజేశారు. ఒప్పందం కాగితంపై ఉన్నంత మాత్రాన అన్యాయం న్యాయమైపోదు.

ఈ లెక్క మారిషస్‌తో ముగిసిపోలేదు. ధర్మవరంలో మగ్గంపై కూర్చున్న నేతగాడు, పెనుకొండ చేనులో కలుపుతీసే స్త్రీ, హిందూపురంలో బెల్లం దిమ్మెలు మోసే హమాలీ, మన ఇంట గిన్నెలు తోమే ఆడబిడ్డ: వీరందరికీ మన వద్ద ఒక ఖాతా ఉంది. చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న ప్రవక్తబోధ ఆ ఖాతాకు గడువు నిర్ణయించింది. పండుగనాటి షీర్‌ఖుర్మాలో చక్కెర కలిపేముందు ఆ బాకీ తీర్చివేద్దాం.