క్షమ వేరు, రాజీ వేరు

అమెరికాలో మేముంటున్న షార్లెట్ నుంచి కారులో గంట పోతే షెల్బీ అనే చిన్న ఊరు వస్తుంది. చార్లెస్టన్ చర్చి హంతకుణ్ణి 2015 జూన్ 18న పోలీసులు పట్టుకున్నది అక్కడే. ముందు రోజు బుధవారం రాత్రి అతను ఇమ్మానుయేలు చర్చిలో బైబిలు అధ్యయనానికి వచ్చి కూర్చున్నాడు. తనకు చోటిచ్చి కూర్చోబెట్టిన నల్లజాతి విశ్వాసుల్లో తొమ్మిది మందిని కాల్చి చంపాడు. రెండు రోజులకే బెయిలు విచారణలో మృతుల బంధువులు కొందరు అతణ్ణి క్షమిస్తున్నామన్నారు. ఆ వారం మా తెలుగు ప్రార్థన కూటంలోనూ ప్రసంగమంతా దాని మీదే. కళ్లు తుడుచుకోనివాళ్లు లేరు.

ఆ తర్వాతి సంగతి మాత్రం ఏ ప్రసంగంలోనూ వినలేదు. క్షమించామన్నందుకు విచారణ ఆగలేదు. 2017 జనవరిలో ఫెడరల్ జ్యూరీ అతనికి మరణశిక్ష వేసింది. క్షమించలేకపోతున్నామన్న బంధువులూ ఉన్నారు. వాళ్లను తక్కువ క్రైస్తవులని ఎవరనగలరు?

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, ఈమధ్య మా రావికమతం వైపు నుంచి వరసకు మరదలయ్యే ఆవిడ ఫోన్ చేసింది. గట్టు తగాదాలో ఆమె కొడుకు తల పగలగొట్టారు. కుర్రాడు బతికాడు, కేసు నమోదైంది. ఇప్పుడు పెద్దలు ఇంటికొచ్చి, "మీరు దేవుణ్ణి నమ్ముకున్నోళ్లు కదా, క్షమించేసి రాజీ కాగితం మీద సంతకం పెట్టండి" అంటున్నారట. సంఘంలోనూ ఒకరిద్దరు అదే మాటన్నారట. "ఏటి సెయ్యమంతావు బావా?" అని అడిగింది.

ఆమెకు నేను గ్లాడిస్ స్టెయిన్స్ అనే మిషనరీ సంగతి చెప్పాను. మన పొరుగున ఒడిశాలో, 1999 జనవరి 22 రాత్రి, మనోహర్‌పూర్ గ్రామంలో జీపులో నిద్రపోతున్న గ్లాడిస్ భర్త గ్రాహమ్‌ను, కొడుకులు పదేళ్ల ఫిలిప్‌ను, ఆరేళ్ల తిమోతిని సజీవంగా తగలబెట్టారు. ఆమె హంతకులను క్షమించానని చెప్పి, బారిపదలోనే ఉండి కుష్ఠురోగుల సేవ కొనసాగించింది. ప్రసంగీకులు ఇక్కడితో ఆపేస్తారు. క్షమించడం తన పని, శిక్ష చట్టం పని, రెంటినీ కలపొద్దని కూడా ఆమె చెప్పింది. చట్టం తన దారిన నడిచింది. 2003లో ప్రధాన దోషి దారాసింగ్‌కు సీబీఐ కోర్టు మరణశిక్ష వేస్తే, 2005లో హైకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది, 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. కేసులో రెండో దోషి 2025 ఏప్రిల్‌లో సత్ప్రవర్తన మీద విడుదలయ్యాడు. అటు శిక్ష, ఇటు విడుదల, రెండూ రాజ్యం నిర్ణయాలే. ఆమె క్షమను చూపి ఎవరూ కేసు మూసేయలేదు.

లూకా సువార్త 18వ అధ్యాయంలో యేసు చెప్పిన ఒక విధవరాలి కథ ఉంది. దేవుడికీ మనుషులకీ భయపడని న్యాయాధిపతి దగ్గరికి ఆమె పదేపదే వెళ్లి, తన ప్రతివాది మీద న్యాయం తీర్చమని వేధిస్తుంది. ఇంటికెళ్లి క్షమించుకోమని యేసు ఆమెకు చెప్పలేదు. విసుగులేని ప్రార్థనకు ఆమెనే ఉదాహరణగా చూపించాడు.

అలాంటి విధవరాళ్లు మనకు ఆంధ్రలోని చుండూరులో ఉన్నారు. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను నరికి చంపారు, శవాలను కాలువల్లో పడేశారు. చనిపోయినవారిలో కొందరివి బైబిలు పేర్లే. వాళ్ల కుటుంబాలు రాజీ పడలేదు. కోర్టే మా ఊరికి రావాలని పట్టుబట్టి, ప్రత్యేక కోర్టును చుండూరులోనే పెట్టించుకున్నాయి. 2007 జులై 31న తీర్పొచ్చింది: 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది. పదహారేళ్లు ఆగి గెలిచినవాళ్లు ఏడేళ్లకు అక్కడ ఓడిపోయారు. ఇప్పుడు వాళ్ల ముందు నిలబడి క్షమించమని చెప్పే అర్హత నాకు లేదు. పాస్టరుకూ లేదు, ఊరి పెద్దకూ లేదు. దెబ్బ ఎవరికి తగిలిందో క్షమించే హక్కూ వాళ్లదే, ఎప్పుడన్నదీ వాళ్ల ఇష్టమే.

లూకాలోనే ఆ తర్వాతి అధ్యాయంలో జక్కయ్య ఉన్నాడు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానని లేచి నిలబడి ఒప్పుకున్నాడు. మన ఊళ్లలో ఆ వాక్యం తల పగలగొట్టినవాడి గడపలో వినపడదు. క్షమ మీద ప్రసంగం మాత్రం కట్టు కట్టుకున్నవాడి మంచం దగ్గరికి నడిచొస్తుంది. బలవంతుడికి ఖర్చులేని క్షమను బలహీనుడి చేత ఇప్పించడాన్ని సువార్త అనకూడదు.

ఇంకో సంగతి అందరూ తెలుసుకోవాలి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 359వ సెక్షను రాజీ పడదగిన నేరాల జాబితా ఇచ్చింది. హత్య, హత్యాయత్నం అందులో లేవు. అలాంటి కేసులో ఫిర్యాది సంతకం పెట్టినంత మాత్రాన కేసు పోదు. అందుకే రాజీ అంటే చాలాసార్లు సాక్షి అడ్డం తిరగడమే. అంటే చూసింది చూడలేదని కోర్టులో ప్రమాణం చేసి చెప్పడం. క్షమించమంటూ మొదలుపెట్టి, అబద్ధ సాక్ష్యం పలకొద్దన్న ఆజ్ఞ దగ్గరికొచ్చేసరికి కళ్లు మూసుకోమంటున్నామన్న మాట.

చివరికి మా మరదలితో ఒకటే అన్నాను: "ఆళ్లని క్షమించాలనిపిస్తే క్షమించమ్మా, లేకపోతే దేవుడికి నీ బాధ తెలుసు. కోర్టులో మాత్రం జరిగింది జరిగినట్టే చెప్పు."

అమెరికాలో ఉన్న తెలుగు సంఘాలకు ఒక మనవి. ఊళ్లో చర్చి గోపురానికి, మైకు సెట్టుకు డాలర్లు పంపుతున్నాం, మంచిదే. చోడవరం కోర్టు వాయిదాలకు తిరిగే కుటుంబాల బస్సు చార్జీలకు, పోయిన కూలికి, మంచి వకీలు ఫీజుకు కూడా పంపుదాం. క్షమ గురించి వాళ్లకు చెప్పడం ఆ తర్వాత చూసుకోవచ్చు.