పైన పడ్డ వాన

మా నర్సీపట్నంలో డాబా ఎక్కితే కొండలే కనిపిస్తాయి. ఘాట్ రోడ్డు పట్టుకుని లంబసింగి, చింతపల్లి దాటి జి.మాడుగుల వైపు కొత్తపల్లి జలపాతం దాకా పోతే దారి పొడుగునా గెడ్డలు. వేసవిలో పాదం కూడా మునగని గెడ్డ శ్రావణంలో ఏమవుతుందో మైదానం మనిషికి చెబితే నమ్మడు. ఏటవాలు రాతి మీద నీరు ఇంకదు, నిలవదు. చుట్టూ కొండల మీద కురిసిందంతా ఒక్క ఇరుకు సందులోంచే దిగాలి.

ఈ సంగతి నాకు చెప్పింది చింతపల్లి వైపు పశువులు కాసుకునే ఒక పెద్దాయన. ఎండ ఫెళ్లున కాస్తోంది, మేం గెడ్డలోకి దిగబోతున్నాం. "ఇక్కడ పడకపోతేనేటి బాబూ, పైన పడింది. నీళ్ల రంగు సూడండి" అన్నాడు. నాకు నీళ్లు మామూలుగానే ఉన్నాయి. ఆయన వేలు పెట్టి చూపించాక తెలిసింది: ఒడ్డు వారన సన్నని ఎరుపు, తేలి వస్తున్న ఎండుటాకులు, పుల్లలు. కాసేపటికి, మేం కూర్చుందామనుకున్న బండ కనబడలేదు. అప్పట్నుంచీ కొండకెళ్తే ఆకాశం కన్నా నీళ్లనే ఎక్కువ చూస్తాను.

అయితే ఆ చదువు గోదావరికి చాలదు. 2019 సెప్టెంబరు 15న గండి పోచమ్మ దగ్గర పాపికొండల విహారానికి బయల్దేరిన రాయల్ వశిష్ఠ బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. ప్రాణాలతో బయటపడింది 26 మంది. పోయినవాళ్లు 50 మంది దాకా. ఆ రోజు ధవళేశ్వరం దగ్గర ప్రవాహం సుమారు 5 లక్షల క్యూసెక్కులు. అక్కడ మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేసేదే 10 లక్షలకు! లెక్క ప్రకారం నది ఇంకా భయపెట్టే స్థితిలో లేదు. కానీ ధవళేశ్వరంలో బ్యారేజీయే మూడున్నర కిలోమీటర్లు, పాపికొండల మధ్య గోదావరి వెడల్పు కొన్ని వందల మీటర్లు. అవే నీళ్లు అక్కడ పక్కకి పరుచుకోలేక లోతుకి దిగుతాయి, మలుపులో సుళ్లు తిరుగుతాయి. మనం టికెట్ కొనుక్కుని చూడబోయేది ఆ ఇరుకునే. ఆ రోజు నాటు పడవలేసుకుని వెళ్లి మనుషుల్ని లాగింది తూటుగుంట ఊరి జనం. బోటును మాత్రం ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22కి గానీ పైకి తేలేకపోయింది.

బియాస్ నది సంగతి ఇంకా వేరు. 2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్‌లో, మండి దగ్గర, హైదరాబాదు నుంచి విహారానికెళ్లిన ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. నదిలో రాళ్ల మీద నిలబడి ఫొటోలు దిగుతున్నారు. పైన లార్జీ డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు. అది వాన తెచ్చిన వరద కాదు. ఎర్రనీళ్లు, ఎండుటాకులు ముందుగా రావాల్సిన పని లేదు. మా పెద్దాయన ఆ ఒడ్డున ఉన్నా ఏం చూసి ఆపేవాడు? అక్కడ చెప్పాల్సింది నది కాదు, గేటు దగ్గర మనిషి. ఒక్కో కుటుంబానికి 20 లక్షలు ఇమ్మని 2016లో హైకోర్టు తీర్పిచ్చింది.

మా వైపూ తాండవ రిజర్వాయరుంది, సీలేరు మీద వరసగా జలవిద్యుత్ కేంద్రాలున్నాయి. సెలవులకి ఏ చోటు బాగుంటుందని చుట్టాలు ఫోన్ చేస్తే చోటు పేరుతోపాటు పైన డ్యామ్ ఉందో లేదో కూడా చెబుతున్నాను. ఉంటే సైరన్ ఎక్కడ మోగుతుందో ఊళ్లో కనుక్కుని దిగమంటున్నాను. పిక్నిక్కి పోతుంటే ఇదెక్కడి గొడవని విసుక్కుంటారు. విసుక్కోనీ.